ధ్రువకాంతి మనకెందుకు కనిపించదు? టీచర్ల కోసం రెండు రోజుల ఖగోళ వర్క్‌షాప్ నడిపే పద్ధతి

2024 మే 10 రాత్రి సూర్యుడి మీది నుంచి వచ్చిన తుఫాను భూమిని తాకింది. అంత తీవ్రమైనది 2003 తర్వాత మళ్ళీ అదే. లద్దాఖ్‌లోని హాన్లేలో మన అబ్జర్వేటరీ కెమెరాలకు ఉత్తరపు ఆకాశం ఎర్రగా చిక్కింది. ధ్రువకాంతి (అరోరా) అంటే ఇదే, ధ్రువాల చుట్టూ రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు. తెల్లారేసరికి ఆ ఫొటోలు, వాటితోపాటు నార్వే ఆకుపచ్చ తెరలు అందరి వాట్సాప్‌లలో తిరుగుతున్నాయి. మా వాడకట్టు పిల్లవాడు ఫోను పట్టుకొని ఇంటికొచ్చి, "సార్, ఇది మన హన్మకొండల ఎప్పుడొస్తది?" అని అడిగాడు. "అది చలి దేశాల్ల వస్తది బిడ్డా" అన్నాను. ఏళ్ళ తరబడి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, తప్పు చెప్పాను. చలికీ ధ్రువకాంతికీ సంబంధమే లేదు.

తర్వాత నలుగురైదుగురు తోటి టీచర్లను అడిగి చూశాను. అందరిదీ అదే జవాబు. అందుకే ఈ వర్క్‌షాప్‌ను 'ధ్రువకాంతి అంటే ఏమిటి' అనే ప్రశ్నతో కాకుండా, 'మనకెందుకు కనిపించదు' అనే ప్రశ్నతో మొదలుపెట్టాను. జవాబు దొరకాలంటే మనం భూమి మీద ఎక్కడున్నామో, సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో, అయస్కాంతం ఏం చేస్తుందో, గాలి ఎట్లా వెలుగుతుందో ఒకటొకటిగా చేతులతో చేసి చూడాలి. రెండు రోజులు సరిగ్గా సరిపోతాయి.

ఎప్పుడు, ఎవరితో

డిసెంబరు నుంచి ఫిబ్రవరి నడుమ పెట్టుకోండి. ఆకాశం తేటగా ఉంటుంది, మంచి నక్షత్రాలన్నీ పొద్దుగూకగానే పైన ఉంటాయి. తేదీ క్యాలెండర్ చూసి కాదు, పంచాంగం చూసి ఖాయం చేయండి. అమావాస్య దాటిన మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు అయితే సాయంత్రం నెలవంకను బైనాక్యులర్‌లో చూపించవచ్చు, రాత్రి తొమ్మిది, పది అయ్యేసరికి అది అస్తమించి చీకటి మనకు మిగులుతుంది. పున్నమికి పెట్టుకున్న వర్క్‌షాప్‌లో ఆకాశం అంతా సున్నం కొట్టినట్టుంటుంది.

30 మందికి మించి వద్దు. ఐదుగురు చొప్పున ఆరు జట్లు. భౌతికశాస్త్రం వాళ్ళనే పిలవాలని లేదు. అక్షాంశాలు చెప్పేది సాంఘికశాస్త్రం టీచరు, వృత్తానికి స్పర్శరేఖ చెప్పేది లెక్కల టీచరు. చుక్కల పేర్లు తెలిసిన తెలుగు టీచరు ఒక్కరున్నా రాత్రి సెషన్‌కు ప్రాణం వస్తుంది. ఒక బడి నుంచి ఇద్దరు రావాలని మాత్రం పట్టుబట్టండి. ఒక్కరే వెళ్తే తిరిగి వెళ్ళాక నెల రోజుల్లో చల్లబడిపోతారు, ఇద్దరైతే ఒకరినొకరు పొడుస్తూ ఉంటారు.

డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి ప్రొసీడింగ్స్, ఓడీ (ఆన్ డ్యూటీ) ముందే తెచ్చుకోండి. రాత్రి ఆకాశం చూసే కార్యక్రమం ఉందని ఆ కాగితంలో రాయించండి. మహిళా టీచర్లకు తిరిగి ఇంటికి చేరే బండి, వేదిక దగ్గర టాయిలెట్, ఈ రెండూ ఏర్పాటు కాకపోతే రాత్రి సెషన్‌లో సగం మంది ఉండరు. ఉండకపోవడం వాళ్ళ తప్పు కాదు.

ఊరి బయట ఉన్న గురుకులం గానీ మోడల్ స్కూల్ గానీ దొరికితే మేలు. పెద్ద మైదానం, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసుకోగలిగే ఒక గది చాలు. బస్సు పెట్టగలిగితే రాత్రికి రామప్ప, లక్నవరం, పాఖాల వైపు వెళ్ళండి. వరంగల్ లైట్ల నుంచి ఆకాశంలోకి చిమ్మే వెలుతురు అక్కడికి రాదు.

సామాను

రెడీమేడ్ కిట్లు కొనకండి. కిట్టు బడికి చేరగానే స్టాక్ రిజిస్టరులోకి, అక్కణ్ణించి బీరువాలోకి పోతుంది. పోతే మళ్ళీ కొనుక్కోగలిగిన సామానునే టీచరు ధైర్యంగా పిల్లల చేతికిస్తారు.

ఒక్కో జట్టుకు కావలసినవి: మీటరు పొడవు నిటారు కర్ర, మేస్త్రీ వాడే గుండు దారం, సుద్దముక్కలు, కోణమానిని, లావు స్ట్రా, ఒక నట్టు, అరచేతి అద్దం, ప్లాస్టిక్ బంతి, రెండు దండ అయస్కాంతాలు, కుట్టుసూదులు, సన్నదారం, పాత సీడీ, అగరుబత్తి డబ్బా, రెండు బ్లేడ్లు, కరెంటు టెస్టర్. అందరికీ కలిపి 14 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చిన్న గుమ్మడికాయ, గుప్పెడు ఆవాలు, ఒక రేగుపండు, పాత ఫిలమెంట్ బల్బు, ఒక సీఎఫ్ఎల్ బల్బు, 7×50 లేదా 10×50 బైనాక్యులర్. సీఎఫ్ఎల్ ఇప్పుడు దుకాణాల్లో దొరకడం కష్టం. పాత ఇళ్ళల్లో అడగండి, దొరికితే దాచుకోండి. ఎందుకో రెండో రోజు తెలుస్తుంది.

ఇనుప రజనుకు లేత్ షాపుకు వెళ్ళండి. లేదా వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పండి, నల్ల రజను అంటుకుంటుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిప్పాలి సుమా, లేకపోతే దాన్ని ఊడదీసేసరికి ఒక పూట పోతుంది.

మొదటి రోజు పొద్దున: నీడకర్ర

పరిచయాలు, జ్యోతి ప్రజ్వలన అయ్యాక ప్రసంగాలు మొదలు కాకముందే అందరినీ ఎండలోకి తీసుకురండి. పది గంటలు దాటితే ఆలస్యమే.

కర్రను మైదానంలో పాతి, గుండు దారంతో నిటారుగా ఉందో లేదో నాలుగు వైపుల నుంచీ చూడండి. పొద్దుటి నీడ కొస ఎంత దూరంలో ఉందో అంత వ్యాసార్ధంతో కర్ర చుట్టూ ఒక వృత్తం గీయండి. నీడ కురచబడుతూ వృత్తం లోపలికి వస్తుంది, మధ్యాహ్నం దాటాక మళ్ళీ పెరిగి వృత్తాన్ని దాటుతుంది. లోపలికి వచ్చిన చోటు, బయటికి పోయిన చోటు కలిపితే అది తూర్పు పడమరల గీత. శుల్బసూత్రాల కాలం నుంచీ యజ్ఞవేదికలకు దిక్కులు కట్టిన పద్ధతి ఇదే. పక్కన దిక్సూచి పెట్టి పోల్చండి. మన ప్రాంతంలో రెంటికీ తేడా ఒక డిగ్రీ లోపే ఉంటుంది. సూది చూపేది అసలు ఉత్తరం కాదన్న మాట ఇక్కడే ఒకసారి వేసి ఉంచండి, రేపు పనికొస్తుంది.

నడుమ ప్రతి 10 నిమిషాలకోసారి నీడ కొస దగ్గర చిన్న రాయి పెట్టించండి. నీడ అన్నిటికన్నా కురచగా ఉన్నదే అసలు మధ్యాహ్నం. అది 12 గంటలకు రాదు. టీచర్లు నమ్మరు, నమ్మనివ్వకండి, కొలవనివ్వండి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, వరంగల్ 79.6 దగ్గర ఉంది. ఆ తేడాకు సుమారు 12 నిమిషాలు. దీని మీద భూమి కక్ష్య వల్ల వచ్చే హెచ్చుతగ్గులు చేరతాయి. ఫిబ్రవరి నడుమ అసలు మధ్యాహ్నం 12:26కు వస్తే, నవంబరు మొదట్లో 11:55కే వచ్చేస్తుంది. ఒకసారి ఈ మాట నేను ముందే చెప్పేశాను. ఆ రోజు అందరి కొలతలూ 'సరిగ్గా' 12:26కే వచ్చాయి! జవాబు తెలిస్తే రాళ్ళు కూడా అబద్ధమాడతాయి. అప్పటి నుంచి చెప్పడం మానేశాను.

డిసెంబరు చివర్లో మీటరు కర్ర నీడ మధ్యాహ్నం సుమారు 88 సెంటీమీటర్లు, ఉత్తరం దిక్కు పడుతుంది. జూన్ 21న అదే కర్ర నీడ పది సెంటీమీటర్లు కూడా ఉండదు, పైగా దక్షిణం దిక్కు పడుతుంది. అంటే ఈ రెంటి నడుమ ఒక రోజు నీడే ఉండదు. వరంగల్‌లో ఆ రోజు మే 11, 12 ప్రాంతంలోను, మళ్ళీ ఆగస్టు 1 ప్రాంతంలోను వస్తుంది. ఆదిలాబాద్‌లో మేలో ఒక వారం తర్వాత, జూలైలో ఒక వారం ముందు వస్తుంది. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకే మన పిల్లల్లో చాలామంది దీన్ని చూడకుండానే పది పాసైపోతారు. సెలవుల్లో వాకిట్లో స్టీలు గ్లాసు బోర్లించి చూడమని ఏప్రిల్‌లోనే చెప్పి పంపమనండి.

ఇప్పుడు మొదటి పోలిక పెట్టండి. ధ్రువకాంతులకు పేరుపడ్డ నార్వేలోని ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ నీడ మాయమయ్యే రోజు ఎప్పటికీ రాదు. డిసెంబరులో సూర్యుడే రాడు. నడి వేసవిలో సూర్యుడు అస్తమించడు, కాబట్టి ఆకాశంలో ధ్రువకాంతి ఉన్నా కళ్ళకు ఆనదు. అది చలికాలంలోనే కనిపించడానికి కారణం చీకటి, చలి కాదు. నేను చెప్పిన తప్పు ఎక్కడ పుట్టిందో నాకు ఇక్కడే దొరికింది.

మధ్యాహ్నం: గోడ మీద సూర్యుడు, చేతిలో గుమ్మడికాయ

అద్దం మీద ఐదు మిల్లీమీటర్ల రంధ్రం చేసిన కాగితం అతికించి, బంతికి అంటించండి. బంతిని ఒక గిన్నెలో కూర్చోబెడితే ఎటు తిప్పితే అటు నిలుస్తుంది. ఎండను పట్టి, 15 మీటర్ల దూరంలోని చీకటి గది గోడ మీదికి కొట్టండి. 14 సెంటీమీటర్ల గుండ్రటి వెలుగు పడుతుంది. అది రంధ్రం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. రంధ్రాన్ని చతురస్రంగా కత్తిరించినా గుండ్రంగానే పడుతుంది, చేసి చూపండి. పెద్ద సూర్యమచ్చలుంటే మసకగా కనిపిస్తాయి కూడా. అద్దం దగ్గర ఒకరిని కాపలా ఉంచండి, ఎవరూ దానిలోకి తొంగిచూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ములతో, మసి పట్టిన గాజుతో సూర్యుణ్ణి చూసే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. అది కళ్ళు పోగొట్టే అలవాటని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు గుమ్మడికాయను స్టూలు మీద పెట్టండి. అదే సూర్యుడు. ఒక ఆవగింజ తీసుకొని 15 మీటర్లు నడవండి. అదే భూమి. గోడ మీది బొమ్మకు వచ్చిన లెక్కే మళ్ళీ వచ్చింది చూడండి, 15 మీటర్లకు 14 సెంటీమీటర్లు. ఆవగింజ దగ్గర నిలబడి చూస్తే ఆ గుమ్మడికాయ, ఆకాశంలో సూర్యుడు కనబడేంతే కనబడుతుంది. చంద్రుడు ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల లోపు. గురుడు 78 మీటర్ల దూరాన ఒక రేగుపండు. నెప్ట్యూన్ 450 మీటర్లు, బడి గేటు దాటి రోడ్డు మీదికి పోవాలి. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం పెట్టాలంటే 4,000 కిలోమీటర్లు వెళ్ళాలి.

సూర్యుణ్ణి పరిశీలించే మన అంతరిక్ష నౌక ఆదిత్య ఎల్1 ఎక్కడుందని అడగండి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న తన కక్ష్య చేరింది. చాలామంది గుమ్మడికాయ పక్కకు వెళ్ళి నిలబడతారు. అసలు స్థానం ఆవగింజ నుంచి గుమ్మడికాయ వైపు 15 సెంటీమీటర్లే. 15 లక్షల కిలోమీటర్లంటే ఈ కొలతలో జానెడు కూడా కాదు. సూర్యుడి నుంచి వచ్చే గాలి భూమిని తాకడానికి కాస్త ముందు దాన్ని తాకుతుంది, అక్కడ పెట్టడంలోని లాభాల్లో ఇదొకటి. పెద్ద విస్ఫోటం జరిగితే ఆ పదార్థం ఈ 15 మీటర్లు దాటడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వెలుతురుకైతే 8 నిమిషాలే.

మొదటి రోజు రాత్రి: రెండు పిడికిళ్ళు

కోణమానినికి స్ట్రా అతికించి, నడుమ నుంచి దారానికి నట్టు వేలాడదీస్తే ఎత్తు కొలిచే యంత్రం తయారు. అది లేకపోయినా చేయి చాపి పట్టుకున్న పిడికిలి సుమారు 10 డిగ్రీలు.

ఫోన్లు జేబుల్లోకి. టార్చిలైటుకు ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు పడుతుంది. ఆ 20 నిమిషాలు చుక్కల పేర్లు మాట్లాడించండి. కృత్తికలను పిల్లలకోడి అంటారని, మృగశిరలోని మూడు చుక్కలు గొర్రుకొయ్యలని, సప్తర్షుల్లో నాలుగు మంచం కోళ్ళు, మిగతా ముగ్గురు దొంగలని పల్లెల్లో పెరిగిన టీచర్లు ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. రాశుల గ్రీకు పేర్ల కన్నా ముందు ఇవి చెప్పాలన్నది నా పట్టుదల.

కార్తెలు కూడా ఇక్కడే తెస్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం ఎక్కడుంటుంది? కొంతమంది నడినెత్తిన అంటారు. ఉండేది సూర్యుడి వెనకాల! సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉంటాడు కాబట్టే ఆ పేరు. అందుకే ఆ పక్షం రోజులు రోహిణి కనిపించదు. 27 నక్షత్రాల చుట్టు సూర్యుడికి ఒక ఏడాది, ఒక్కోదానికి 13, 14 రోజులు. రైతు నోట్లో ఉన్న మాటకు ఇంత లెక్క ఉందని తెలిశాక టీచర్ల ముఖాలు చూడాలి. జాతకాల చర్చలోకి ఎవరైనా లాగుతారు. వెటకారం చేయకండి, తిథి అంటే సూర్యచంద్రుల నడుమ 12 డిగ్రీల ఎడమని చెప్పి ఆకాశం వైపు తిప్పండి.

ఇప్పుడు అసలు పని. ఉత్తరం దిక్కున ధ్రువ నక్షత్రాన్ని పట్టండి. చలికాలం సాయంత్రం సప్తర్షులు ఇంకా పూర్తిగా ఉదయించి ఉండరు, శర్మిష్ఠ (కాసియోపియా, ఇంగ్లీషు W లాంటి ఐదు చుక్కలు) ఆకారాన్ని పట్టుకొని వెతకాలి. ధ్రువుడి ఎత్తు కొలిస్తే 18 డిగ్రీలు, రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ. అదే వరంగల్ అక్షాంశం. భూగోళం పాఠంలో బట్టీపట్టిన అంకె తమ పిడికిలి మీద నిలబడేసరికి కొంతమంది రెండోసారి కొలుస్తారు.

వెనక్కి తిరగండి. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు సరిగ్గా దక్షిణాన అగస్త్య నక్షత్రం ధగధగమంటూ ఉంటుంది. దాని ఎత్తూ దాదాపు అంతే, 19 డిగ్రీలు. ఇటు ధ్రువుడు, అటు అగస్త్యుడు, నడుమ మనం రెండు చేతులూ చాపి నిలబడతాం. ట్రోమ్సో పిల్లలకు ధ్రువుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అగస్త్యుణ్ణి మాత్రం వాళ్ళు తమ ఊరి నుంచి జన్మలో చూడలేరు. 'మనకు లేదు' అన్న దిగులుతో వచ్చిన టీచరుకు ఈ చుక్క చూపించకుండా పంపకండి.

బైనాక్యులర్‌తో పిల్లలకోడి, మృగశిర కత్తిలోని నీహారిక, గురుడు పైన ఉంటే పక్కన వరుసగా అతని చందమామలు. అంతే చాలు. ఎక్కువ చూపిస్తే ఏదీ గుర్తుండదు.

రెండో రోజు పొద్దున: అయస్కాంతం

దండ అయస్కాంతాన్ని బంకమట్టి ముద్దలో దాచి భూగోళంలా చేయండి. పైన అట్ట పెట్టి రజను చల్లి వేలితో తట్టండి. రెండు కొసల దగ్గర గీతలు ఒత్తుగా లోపలికి దిగుతాయి, నడుమ భాగంలో నేలకు సమాంతరంగా పడుకుంటాయి. ఇంతవరకు అన్ని బళ్ళలోనూ చేస్తారు. తర్వాతిది చేయరు. కుట్టుసూదిని సరిగ్గా నడుమ దారంతో కట్టి సమంగా వేలాడేటట్టు చూసుకొని, ఆ తర్వాత అయస్కాంతంతో ఒకే వైపు నలభై, యాభై సార్లు రుద్దండి. దాన్ని మట్టిగోళం చుట్టూ మెల్లగా తిప్పండి. నడుమ పడుకున్న సూది ధ్రువం దగ్గరికి పోయేకొద్దీ నిటారవుతుంది.

తర్వాత ఆ సూదినే అయస్కాంతానికి దూరంగా వట్టి గాలిలో వేలాడదీయండి. వరంగల్‌లో ఉత్తరపు కొస కొంచెం కిందికి వాలుతుంది. కేరళలోని తుంబాలో దాదాపు సమంగా ఉంటుంది, అయస్కాంత భూమధ్యరేఖ ఆ చాయనే పోతుంది. 1963 నవంబరు 21న మన దేశపు తొలి రాకెట్ ప్రయోగానికి ఆ చేపల పల్లెను ఎంచుకున్నది ఇందుకే. ట్రోమ్సోలో సూది దాదాపు నిట్టనిలువుగా నిలుస్తుంది.

డిగ్రీ కాలేజీ ల్యాబులో పాత సీఆర్ఓ (కేథోడ్ రే ఆసిలోస్కోప్) దొరికితే తెప్పించండి. తెర మీది చుక్క పక్కకు అయస్కాంతం తెస్తే చుక్క జరుగుతుంది. ఎలక్ట్రాన్ల బాటను అయస్కాంతం వంచుతుందని పదో తరగతి పాఠంలో ఉన్న వాక్యం అప్పుడు కంటికి కనబడుతుంది. పాత టీవీ విప్పి చేయాలనుకోకండి, లోపల ప్రాణాలు తీసే ఓల్టేజి ఉంటుంది.

ఎలక్ట్రాన్లు అయస్కాంత గీతల వెంట చుట్టలు తిరుగుతూ జారగలవు, గీతలను అడ్డంగా దాటడం కష్టం. ధ్రువాల దగ్గర గీత నేరుగా గాలిలోకి దిగుతుంది. మన నెత్తి మీద గీతలు పడుకొని ఉన్నాయి, దిగే దారి లేదు. పొద్దున్నే ఈ మాట మీరు చెప్పకండి. సూదిని చూస్తూ వాళ్ళే అంటారు.

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ నూరేళ్ళ పైచిలుకు క్రితం ఇదే చేశాడు. గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంత గోళం పెట్టి ఎలక్ట్రాన్లు వదిలితే దాని ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పడ్డాయి. ఆ వలయమే అసలు భూమి మీద అయస్కాంత అక్షాంశం (అయస్కాంత ధ్రువాన్ని బట్టి లెక్కించేది) 65, 70 డిగ్రీల ప్రాంతంలో కిరీటంలా ఉంటుంది. సరిగ్గా ధ్రువం మీద కాదు, దాని చుట్టూ. పైగా భూమి అయస్కాంత అక్షం ఉత్తర అమెరికా వైపు ఒరిగి ఉంది. అందువల్ల ఒకే అక్షాంశంలో ఉన్నా కెనడా వాళ్ళకు దక్కినంత మనవైపు వాళ్ళకు దక్కదు.

ఒక సవరణ తప్పకుండా చేయండి. 'సూర్యుడి కణాలు నేరుగా ధ్రువాల్లోకి జారి వెలుగుతాయి' అని చాలాచోట్ల రాసి ఉంటుంది, అది సగం నిజం. సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల గాలి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపు తోకలా సాగదీస్తుంది. గులేరు రబ్బరు సాగదీసి వదిలినట్టు ఆ తోక తెగి, తిరిగి అతుక్కున్నప్పుడు కణాలు భూమి వైపు విసురుగా వస్తాయి. సైకిల్ ట్యూబు ముక్కతో గులేరు చేసి కాగితపు ఉండలు విసిరించండి, ఇక మరచిపోరు.

ఉత్తర దేశాల టీచర్లు సీసాలో అయస్కాంతం వేలాడదీసి, అద్దం అతికించి, గోడ మీద వెలుగు చుక్క కదలికతో అయస్కాంత తుఫానులు పట్టుకుంటారు. ఎక్కడైనా చూసి ముచ్చటపడి దాన్ని ఇక్కడ పెట్టకండి. మన దగ్గర క్షేత్రం సుమారు 40,000 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం), 2024 మే లాంటి పెద్ద తుఫానులో తగ్గింది నాలుగైదు వందలు. దిక్కు మారడం మరీ తక్కువ. ఫ్యాను గాలికి ఊగినదాన్ని తుఫాను అనుకొని పిల్లలు మోసపోతారు. ఆ తగ్గుదలను పట్టే అసలు యంత్రాలు మన రాష్ట్రంలోనే చౌటుప్పల్‌లో ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళ దగ్గర ఉన్నాయి. వెలుగు మన దాకా రాకపోయినా తుఫాను వస్తుందని చెప్పడానికి అది చాలు.

మధ్యాహ్నం: రంగులు

అగరుబత్తి డబ్బాకు ఒక కొసన రెండు బ్లేడ్ల నడుమ సన్నని చీలిక, రెండో కొసన సీడీ ముక్క ఏటవాలుగా, దాన్ని చూడటానికి పైన చిన్న కిటికీ. బ్లేడ్ల అంచులకు ముందే టేపు వేయండి. ఫిలమెంట్ బల్బును చూస్తే ఇంద్రధనుస్సు ఎడతెగకుండా ఉంటుంది. సీఎఫ్ఎల్‌ను చూస్తే విడివిడి గీతలు, వాటిలో మెరిసే ఆకుపచ్చ గీత పాదరసానిది, తరంగదైర్ఘ్యం 546 నానోమీటర్లు. ధ్రువకాంతి ఆకుపచ్చ 557.7 నానోమీటర్లు, ఆక్సిజన్ పరమాణువుది. రంగులో దాదాపు అక్కాచెల్లెళ్ళు. సీఎఫ్ఎల్ దాచమన్నది ఇందుకే. ఈ డబ్బాతోనూ సూర్యుణ్ణి చూడనివ్వకండి.

టెస్టర్‌ను ప్లగ్గులో పెట్టే పని మీరే చేయండి. లోపల వెలిగే నారింజ చుక్క నియాన్ వాయువు. ఎలక్ట్రాన్ వచ్చి కొడితే వాయువు వెలుగుతుంది, ఏ వాయువుకు ఆ రంగు. ప్రతి ఇంట్లో ఉన్న ధ్రువకాంతి ఇదే.

మరి ఒకే ఆక్సిజన్ కింద ఆకుపచ్చగా, పైన ఎర్రగా ఎందుకు? ఆట ఆడించండి. సుద్దతో చిన్న గడి గీసి 20 మందిని నిలబెట్టి అటూ ఇటూ తిరగమనండి. ఆకుపచ్చ వెలుగు విడవడానికి దెబ్బతిన్న పరమాణువుకు ఒక సెకను కూడా పట్టదు. ఎరుపుకు దాదాపు రెండు నిమిషాలు కావాలి, అంతసేపూ ఎవరూ తగలకూడదు. తగిలితే ఆ శక్తి వెలుగు కాకుండానే పోతుంది. మేడారం జాతరలో గద్దెల దగ్గర రెండు నిమిషాలు ఎవరి భుజమూ తగలకుండా నిలబడగలరా? గాలి ఒత్తుగా ఉన్న కింద ఎరుపు బతకదు. 200 కిలోమీటర్ల పైన గాలి పలచన, అక్కడ బతుకుతుంది. ఇంకా కిందికి, 100 కిలోమీటర్ల దగ్గర, నైట్రోజన్ నీలం, గులాబీ అంచులు తెస్తుంది.

గోడ మీద ఒక మీటరుకు 100 కిలోమీటర్ల లెక్కన గీయించండి. ఎవరెస్ట్ 9 సెంటీమీటర్లు, విమానం 11, ఆకుపచ్చ తెర మీటరు నుంచి మీటరున్నర, ఎరుపు రెండు మీటర్ల నుంచి పైకి. ధ్రువకాంతి మబ్బుల్లో ఆడుతుందనుకున్నవాళ్ళకు ఈ గీత చాలు.

చివరి లెక్క బోర్డు మీద

లెక్కల టీచరును ముందుకు పిలవండి. భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు, వెలుగు ఎత్తు 100. మన దిగంతాన్ని తాకే స్పర్శరేఖ పొడవు పైథాగరస్‌తో కట్టండి: 6,500 వర్గం నుంచి 6,400 వర్గం తీసి వర్గమూలం. సుమారు 1,140 కిలోమీటర్లు. ఒక అక్షాంశానికి 111 చొప్పున 10 డిగ్రీలు. అంటే మనం ఉన్న 18కి 10 కలిపి 28. ఆకుపచ్చ తెర దాదాపు ఢిల్లీ నెత్తి మీద వేలాడితే తప్ప వరంగల్ దిగంతానికి దాని అంచు కూడా తాకదు. ఎరుపుకు 300 కిలోమీటర్ల ఎత్తు తీసుకుంటే సుమారు 1,980 కిలోమీటర్లు, 36వ అక్షాంశం, లద్దాఖ్ ఉత్తరపు కొసలు.

హాన్లే 33 డిగ్రీల లోపు ఉంది. అక్కడ కెమెరాకు చిక్కింది ఉత్తరాన, దిగంతం మీది ఎరుపు. ఆ వెలుగు ఉన్నది ఇంకా ఉత్తరాన, మన 36 దాటి. అందుకే అంత పెద్ద తుఫానులోనూ మనకు ఏమీ లేదు. మరి ఎప్పుడూ రాలేదా అంటే, 1872 ఫిబ్రవరి 4 తుఫానులో బొంబాయి నుంచి ధ్రువకాంతి చూసినట్టు నమోదై ఉంది. బొంబాయి అక్షాంశం 19. ఇది విన్నాక గదిలో గుసగుసలు మొదలవుతాయి, ఆపకండి. వాట్సాప్ ఫొటోల గురించీ అప్పుడే చెప్పండి. కెమెరా కొన్ని సెకన్ల పాటు వెలుతురు పోగు చేసుకుంటుంది, పలచని ధ్రువకాంతి అక్కడి వాళ్ళ కంటికి కూడా తెల్లటి పొగలాగే ఉంటుంది.

పంపేముందు

మిగిలిన గంటన్నరలో ఒక్కో బడి జంట ఒక పీరియడ్‌కు సరిపడే పాఠం రాసి, పది నిమిషాలు చేసి చూపాలి. షరతు ఒకటే, ప్రొజెక్టర్ వాడకూడదు. ఒక వర్క్‌షాప్‌లో నా స్లైడ్లన్నీ సిద్ధంగా ఉండగా కరెంటు పోయి, సాయంత్రం దాకా రాలేదు. ఆ రోజే అన్నిటికన్నా బాగా నడిచింది.

ఇంటిపని కూడా ఇవ్వండి. బతుకమ్మ తొమ్మిది రోజులు పిల్లలతో చంద్రుణ్ణి గీయించాలి. ఎంగిలిపూల నాడు అమావాస్య, ఆకాశంలో చంద్రుడు ఉండడు. సద్దుల నాటికి పొద్దుగూకగానే దక్షిణం దిక్కున సగం చందమామ. ప్రతి అమ్మాయీ ఎటూ వాకిట్లోనే ఉంటుంది, నోట్‌బుక్ ఒక్కటే అదనం. మూడు నెలలకోసారి నీడకర్ర కొలతలు గ్రూపులో పెట్టమనండి. అందరివీ ఒకేలా ఉంటే మాత్రం అనుమానించండి.

మబ్బు పడితే రాత్రి సెషన్ వద్దనుకోకండి. గదిలో బల్బు చుట్టూ బంతులు పట్టుకొని చంద్రకళలు చేయండి, చుక్కల పేర్లు చెప్పించండి, బస్సును మాత్రం పది గంటల దాకా ఆపి ఉంచండి. చలికాలంలో ఒకోసారి తొమ్మిదిన్నరకు మబ్బు చీలి, దక్షిణాన ఆ ఒక్క చుక్కా బయటపడుతుంది.